చెవి వెనక చుక్క

ధాత్రికి మూడేళ్లు నిండి నాలుగో ఏడు నడుస్తోంది. ఒంటిమీద ఎంత వెతికినా ఒక్క మచ్చ కనపడదు. మోకాలిచిప్ప మీద గీత లేదు, మోచెయ్యి చెక్కుకుపోయిన గుర్తు లేదు, నుదుటి మీద బొప్పి కట్టిన ఆనవాలు లేదు. నడక నేర్చిన పిల్లలెవరైనా పడతారు, ఏడుస్తారు, లేస్తారు, మళ్లీ పడతారు. ఈ పిల్ల పడలేదు. పడనివ్వలేదు.

నాయనమ్మ నూకరత్నానికి ఇది చెప్పుకోలేనంత గొప్ప. అపార్ట్‌మెంట్లో ఎవరు ఇంటికొచ్చినా ముందు మంచినీళ్లు ఇవ్వడం మానేసి మనవరాలి గౌను మోకాళ్ల పైకి ఎత్తి చూపించేది. ఒక్క మచ్చ ఉన్నాదేమో చూడండమ్మా, మా ముగ్గురు పిల్లల్ని పెంచినప్పుడు అయోడిన్ సీసా అల్మరాలోకి చేరిందే లేదు అని మురిసిపోయేది. వచ్చినవాళ్లు ఆ నున్నటి మోకాళ్లు తడిమి చూసి, తమ పిల్లల దెబ్బలు గుర్తు చేసుకుని నిట్టూర్చేవారు.

తల్లి వకుళకు మాత్రం ఈమధ్య ఆ మోకాళ్లు చూస్తే ఒళ్లు జలదరిస్తోంది. కారణం ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు. చెప్తే వినేవాళ్లెవరు గనక.

పిల్ల కుడిచెవి వెనక, జుట్టు మొదట్లో, దిష్టిచుక్కంత నల్లటి అతుకు ఒకటి ఉంటుంది. దాని పేరు కూడా చుక్కే. విశాఖపట్నంలో రుషికొండ దాటాక కొండవాలు మీద కట్టుకున్న అభయ ల్యాబ్స్ వాళ్ల సరుకు అది. వకుళ ఉద్యోగం అక్కడే, జంతువుల మీద పరీక్షలు చేసే విభాగంలో. ఇంట్లో ప్రమాదమున్న ప్రతిచోటా ఆవగింజంత గుళిక అంటించాలి. ప్లగ్గులకు, మెట్ల అంచులకు, బాల్కనీ కమ్మీలకు, గీజరు కొళాయికి, అన్నిటికీ. ఆ తర్వాత పని చుక్కదే.

ఒకనాడు పొద్దున్నే శశిభూషణ్ షర్టు ఇస్త్రీ చేసుకుంటూ, షిప్‌యార్డ్ నుంచి ఫోనొస్తే పెట్టెను అలాగే వదిలి హాల్లోకి వెళ్లాడు. ధాత్రి పరిగెత్తుకుంటూ వచ్చి వేడి పెట్టె మీదికి చెయ్యి చాచింది. వకుళ గుమ్మంలోంచి చూస్తూనే ఉంది, కాలు కదపలేదు. జానెడు దూరంలో ఆ చెయ్యి గాల్లో ఆగింది, వెనక్కొచ్చింది. పిల్ల మొహంలో ఉలుకు లేదు, తడబాటు లేదు. ఇంకేదో ఆట గుర్తొచ్చినట్టు నవ్వుకుంటూ అటు తిరిగి వెళ్లిపోయింది. చెవి వెనక నరాన్ని చుక్క మీటిందని గానీ, తన చెయ్యి తాను తీసుకోలేదని గానీ ఆ పిల్లకు తెలియదు.

ఇందులో వకుళ తప్పేమీ లేదు, తల్లి మనసు అలాంటిది. పాప కడుపులో ఉన్నప్పటి నుంచీ ఆమెకు కంటిమీద కునుకు లేదు. బొమ్మల్లో ఉండే బిళ్ల బ్యాటరీ మింగి పేగు కాలిపోయిన పిల్లాడి వార్త చదివిన రోజు ఇంట్లో రిమోట్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేసింది. వేణ్ణీళ్ల బకెట్టు, ఛార్జరు తీగ, లిఫ్టు తలుపు, ఏది చూసినా అందులో తన బిడ్డే కనపడేది. అలాంటి మనిషికి, మీ పిల్లకు ఇక ఏ ప్రమాదమూ తగలదు, ఉద్యోగుల పిల్లలకే మొదటి అవకాశం అని చెప్తే కాదంటుందా. పురిటి స్నానం అయిన రోజే పాపకు చుక్క అంటించింది.

కంపెనీ వాళ్లు ఒక్క షరతు పెట్టారు. పిల్ల ఉలిక్కిపడితే గుండె దడ పెరిగి చుక్క పని చెడుతుందట. కనక ఇంట్లో ఎవరూ అరవకూడదు, కళ్లెర్రజేయకూడదు, బెదిరించకూడదు. పిల్లతో ఎప్పుడూ నవ్వుమొహంతో, మెల్లటి గొంతుతోనే మాట్లాడాలి. ముగ్గురు పిల్లల్ని బూచాడి పేరు చెప్పి అన్నం తినిపించిన నూకరత్నం కూడా ఆ మాట తుచ తప్పకుండా పాటించింది. మోకాళ్ల నొప్పులతో పిల్ల వెనక పరిగెత్తే బాధ తప్పింది కదా అని ఆవిడకు సంతోషం. మూడేళ్లుగా ఆ ఇంట్లో ఒక గట్టి కేక వినపడలేదు.

ఇక మేకల సంగతి.

ల్యాబ్‌లో మేకపిల్లలకు పుట్టిన రోజే చుక్కలు వేసి, తల్లుల నుంచి వేరుచేసి, సీసాపాలతో పెంచారు. దొడ్లో ఒక మూల ఎప్పుడూ వేడిగా ఉండే ఇనుపరేకు, దాని చుట్టూ లేత గడ్డి. రేకుకూ గుళికలు అంటించారు. పిల్లలు గంతులేసుకుంటూ రేకు దాకా వచ్చేవి, చక్కగా పక్కకు తిరిగి గడ్డి తినేవి. ఒక్కదానికీ వాత పడలేదు. అవి బాగా ఎదిగాక, ఇక తీసేద్దాం, కొద్దిగా వాతలు పడితే వాటికే తెలిసొస్తుంది అన్నారు. చుక్కలు తీయించింది వకుళే.

మొదటి పిల్ల నేరుగా వెళ్లి రేకు మీద మూతి పెట్టింది. కాలింది, మే అని అరిచి ఎగిరి దూకింది. సరే, నేర్చుకుంది అనుకుంది వకుళ. కాసేపు తల విదిలించుకుని ఆ పిల్ల మళ్లీ అదే రేకు దగ్గరికి వెళ్లింది, మళ్లీ మూతి పెట్టింది, మళ్లీ అరిచింది. మూడోసారి వెళ్తుంటే వకుళ కాళ్లు పట్టుకుని లాగింది. వెంట్రుకలు కాలిన వాసన దొడ్డంతా నిండిపోయింది. మిగతా పిల్లలను వదిలి చూసినా అదే తంతు. నొప్పి తెలుస్తోంది వాటికి, అరుస్తున్నాయి. కానీ ఆ నొప్పి ఈ రేకు వల్లనేనన్న ముక్క బుర్రకెక్కడం లేదు. పసితనంలో ఎక్కాల్సింది ఎక్కలేదు, ఆ వయసు దాటిపోయింది. ఇక ఎక్కదు.

వకుళ రేకు ఆర్పేసి, కాలిన మూతులకు మందు రాసింది. ఆ మూతుల్లో ఎవరి మొహం కనపడిందో వేరే చెప్పాలా.

ల్యాబ్ పెద్ద ప్రభంజన్ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు. మేకలు వేరు, మనుషులు వేరు అన్నాడు. చుక్క మార్కెట్లోకి వచ్చే ముందు ఇలాంటి మాటలు బయటికి పొక్కితే బాగుండదని, ఇంకో విడత మేకపిల్లల మీద చూద్దామని, అప్పటిదాకా మనసులోనే పెట్టుకోమని చెప్పాడు. ఆయన గొంతు కూడా ఎప్పుడూ పెరగదు. ఆ మెత్తదనమే ఆ రోజు వకుళకు చీదర పుట్టించింది.

ఆదివారం సాయంత్రం శశిభూషణ్ అందరినీ బీచ్‌కి తీసుకెళ్లాడు. ధాత్రి ఇన్నాళ్లూ నాన్న భుజం మీద కూర్చుని సముద్రాన్ని చూసిందే గానీ నీళ్లలో కాలు పెట్టలేదు. ఈసారి ఇసుకలో దింపారు. సముద్రానికి గుళికలు ఎవరు అంటిస్తారు? పిల్ల చెప్పులు విడిచి, ఎదురుగా ఉన్న గదిలోకి వెళ్తున్నట్టు అలలోకి నడిచింది. అల విరిగి మీద పడింది, పిల్ల బోర్లా పడి కొట్టుకుపోబోయింది. శశిభూషణ్ దూకి గౌను పట్టి లాగాడు. ఉప్పునీళ్లు మింగి ఉక్కిరిబిక్కిరై దగ్గి ఏడ్చింది. నాయనమ్మ పైటకొంగుతో మొహం తుడుస్తోంది. పిల్ల కళ్లు ఇంకా ఆరలేదు, చెయ్యి విడిపించుకుని మళ్లీ అలలోకి అదే నడక.

చుట్టూ చేరినవాళ్లు ముచ్చటపడ్డారు. ఇంత ధైర్యం ఉన్న పిల్లను చూళ్లేదన్నారు. శశిభూషణ్ తడిసిన ప్యాంటుతోనే ఛాతీ విరుచుకుని, మా అమ్మాయికి భయమంటే ఏంటో తెలీదండీ అన్నాడు.

వకుళ వచ్చి పిల్లను లాక్కుని చంకనేసుకుంది.

"తెలీదు. అదే నా ఏడుపు," అంది భర్తతో. ఆయనకు అర్థం కాలేదు. ఇంటికెళ్లే దారిలో ఆటోలో మేకల సంగతి అంతా చెప్పింది.  ఒక్క అలకే అంత దూరం ఆలోచించకు అన్నాడాయన. మొగుడి మీద ఆమెకు అంత కోపం ఎప్పుడూ రాలేదు.

సోమవారం ల్యాబ్‌కు వెళ్లి సరాసరి మేకల దొడ్లోకి పోయింది. చివరి అరలో ఒక పిల్ల విడిగా ఉంది. సీసా పట్టనని మొండికేస్తే చచ్చిపోతుందని దాన్ని మాత్రం తల్లి దగ్గరే వదిలేశారు. తల్లి దగ్గర పెరిగింది కాబట్టి పరీక్షకు పనికిరాదని పక్కన పెట్టేశారు. దీనికీ చుక్క వేశారు, దీనికీ తీశారు. వకుళ తల్లినీ పిల్లనూ కలిపి రేకు ఉన్న దొడ్లో వదిలి చూసింది.

పిల్ల రేకు వైపు అడుగేసింది. తల్లిమేక ఒక్కసారిగా బొంగురుగా అరిచి, కాలితో నేలను తన్ని, తల వంచి పిల్లను డొక్కలో పొడిచింది. పిల్ల పడి లేచింది. ఆ తర్వాత తల్లిని బయటికి తోలేసినా ఆ పిల్ల రేకు దరిదాపులకు పోలేదు. గడ్డి ఎంత ఊరించినా పోలేదు. ఇక్కడే వకుళ ఒకటి గమనించింది. ఆ పిల్ల పొడుపు తిన్నాక రేకు వైపు చూడనేలేదు. తల్లి మొహంలోకే చూసింది.

ఆమె అక్కడి నుంచి లేచి ప్రభంజన్ గదిలోకి వెళ్లింది. తలుపు తట్టలేదు.

"చుక్క తీస్తే ఈ పిల్లలకు నిప్పుకీ నీళ్లకీ తేడా తెలీదు. ఇది మీకు ముందే తెలుసా సార్?"

ప్రభంజన్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తెలుసన్నాడు. మొదటి విడత కుక్కపిల్లలతోనే తెలిసిందట. ఆయన మొహంలో దాపరికం కూడా లేదు, అదే ఆశ్చర్యం.

"మన పిల్లలకు తీయమని ఎవరన్నారు వకుళ గారూ? బడి పిల్లలకు పెద్ద సైజు వస్తోంది. ఆ తర్వాత పెద్దవాళ్లకు. రోడ్లకు, చెరువులకు, రైలు పట్టాలకు, అన్నిటికీ గుళికలు వేయిస్తాం. కళ్లజోడు పెట్టుకున్నవాణ్ని తీసెయ్యమంటామా?"

"కళ్లున్న పిల్లకు కళ్లు పీకి కళ్లజోడు పెట్టారు సార్ మీరు. పెట్టి, దాన్ని దీవెన అనమంటున్నారు."

ఆయన నవ్వాడు. కూర్చోమన్నాడు. మంచినీళ్లు తెప్పించమంటారా అన్నాడు. వకుళకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్ని ఇళ్లల్లో ఇంతమంది తల్లుల భయాన్ని పెట్టుబడిగా పెట్టి, వాళ్ల పిల్లల భయాన్ని దోచుకుని, ఈ మనిషి మంచినీళ్లు తెప్పిస్తానంటున్నాడు. మెడలో గుర్తింపుకార్డు తెంపి బల్ల మీద పడేసి బయటికొచ్చేసింది.

బస్సులో కూర్చుని, ల్యాబ్‌లో పనిచేసే తల్లుల వాట్సాప్ గ్రూపులో జరిగిందంతా పెట్టింది. చదివినట్టు నీలం గుర్తులు వచ్చాయి గానీ సమాధానాలు రాలేదు. ఒకావిడ మాత్రం, మా బాబుకు తీసేస్తే మీరొచ్చి చూసుకుంటారా అని అడిగింది. ఇల్లు చేరేలోపు వకుళను గ్రూపులోంచి తీసేశారు.

ఇంట్లో చుక్క తీసేస్తానంటే పెద్ద గొడవే అయింది, మెల్లటి గొంతులతోనే. అలవాటైపోయింది మరి. శశిభూషణ్ ఎవరైనా మంచి డాక్టరుకు చూపించి అప్పుడు ఆలోచిద్దామన్నాడు. నూకరత్నం కోడలి ముందు చేతులు జోడించింది.

"ఏటే వకుళా, బంగారంలాటి పిల్లకి లేనిపోని గండం తెస్తావేటి? అదున్నాదనే కదా నిమ్మళంగా కూకుంటన్నాం."

"అదే అత్తయ్యా. మనం నిమ్మళంగా కూర్చోడానికి దాని మెదడు ఖాళీగా ఉంచాం."

మర్నాడు తలంటు పోస్తూ చెవి వెనక నూనె రాసి, నానబెట్టి, చుక్క ఊడదీసింది. కింద చర్మం పాలిపోయి గుండ్రటి తెల్లటి మచ్చలా ఉంది. పిల్ల ఒంటిమీద అదే మొదటి మచ్చ.

ఇక వేడి చూపించాలి. ఇది ఇంటింటా ఉన్న పద్ధతే. పాకే పిల్ల పొయ్యి దగ్గరికి పోతుంటే తల్లి ఆ చిటికెన వేలు పట్టుకుని కాఫీ గ్లాసుకు ఒక్క క్షణం ఆనించి, అబ్బా ఉఫ్ ఉఫ్, కాలుతుంది అంటుంది. పిల్ల మొహం వికారంగా పెట్టి చెయ్యి లాక్కుంటుంది. జన్మలో మర్చిపోదు. మన తల్లులందరూ ఇలాగే నేర్పారు. ధాత్రికి మాత్రం ఎవరూ నేర్పలేదు, షరతు ఒప్పుకోదు కనక.

వకుళ స్టీలు గ్లాసులో వేడి పాలు పోసి తెచ్చింది. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, వేలు పట్టి ఆనించింది. కాలుతుంది నాన్నా, ఉఫ్ అని ఊదింది. ధాత్రి కెవ్వుమంది. వకుళ కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ, హమ్మయ్య అనుకుంది. వేలికి వెన్న రాసి, ముద్దు పెట్టుకుని, దింపింది. పిల్ల ముక్కు ఎగబీలుస్తూ గ్లాసు దగ్గరికి వెళ్లి, రెండు అరచేతులూ దాని చుట్టూ వేసింది.

గ్లాసు లాగి విసిరేసింది వకుళ. పాలు గోడ మీదికి చిందాయి. సాయంత్రం ఇంకోసారి, మర్నాడు ఇంకోసారి ప్రయత్నించింది. ప్రతిసారీ ఏడవడం, ప్రతిసారీ వెనక్కి పోవడం. మేకలకు దాటిపోయిన వయసు ధాత్రికి కూడా దాటిపోయిందా, ఇంకా ఉందా? ఆ సంగతి చెప్పగల మనిషి భూమ్మీద లేడు. నూకరత్నం గోడ వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చుక్క మళ్లీ అంటించెయ్యమని కొడుకుతో గుసగుసలాడింది. శశిభూషణ్ కూడా అటే మొగ్గాడు. పిల్లను బతికించుకోవాలి కదా అన్నాడు. అది మాత్రం కాదనలేని మాట.

వకుళకు తల్లిమేక గుర్తొచ్చింది. పిల్ల నేర్చుకుంది రేకు వల్ల కాదు. తల్లి మొహం వల్ల. తను ఏం చేసింది? వేలు కాల్చి, నవ్వుమొహంతో ఉఫ్ అంది. మూడేళ్లుగా అలవాటైన మెత్తటి గొంతుతో కాలుతుంది నాన్నా అంది. కాలుతుందన్న మాటకీ ముద్దులాడే మాటకీ తేడా ఆ పిల్లకెలా తెలుస్తుంది?

సరే, కోప్పడదామనుకుంది. పిల్లను గ్లాసు దగ్గర నిలబెట్టి కళ్లు పెద్దవి చేసి, ఏయ్, ముట్టుకోకూడదు అని గద్దించింది. ధాత్రి కిలకిల నవ్వి తనూ కళ్లు పెద్దవి చేసి, ఏయ్ అంది. నూకరత్నం ఇన్నేళ్ల తర్వాత బూచాణ్ని పిలిచింది. అలా పోతే బూచాడొచ్చి ఎత్తుకుపోతాడు అంది. ఎప్పుడొస్తాడు, నాకోసం వస్తాడా అని పిల్ల రోజంతా గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది. నటనకు లొంగే వయసు కాదది, పిల్లలకు దొంగకోపం ఇట్టే తెలిసిపోతుంది. వకుళ చివరికి తన చున్నీ ఒక కొస పిల్ల నడుముకూ ఇంకో కొస తన నడుముకూ కట్టుకుంది. వంటింట్లో, స్నానాల గదిలో, నిద్రలో కూడా. తన కడుపున పుట్టిన బిడ్డను దూడను కట్టేసినట్టు కట్టేసుకుని తిరిగింది.

ఆ వారంలోనే చుక్క మార్కెట్లోకి వచ్చింది. మధ్యాహ్నం నూకరత్నం ఫోను పట్టుకుని పరుగులాంటి నడకతో వంటింట్లోకి వచ్చి చూపించింది. పెద్ద ప్రకటన. గౌను కింద రెండు చిన్న మోకాళ్లు, మట్టి అంటని పాదాలు. పైన, ఒక్క మచ్చ లేని బాల్యం అని అక్షరాలు. ధాత్రి మూడో పుట్టినరోజుకు కంపెనీ వాళ్లు వచ్చి కేకు కోయించి తీసుకున్న ఫోటో అది. మొహం చూపించలేదు గానీ మోకాళ్లను తల్లి గుర్తుపట్టదా.

నూకరత్నానికి ఎంత వద్దనుకున్నా కాస్త గొప్పగానే అనిపించింది. పక్కింటివాళ్లకు చూపించి వస్తానని వెళ్లింది. శశిభూషణ్ డ్యూటీలో ఉన్నాడు. ధాత్రి హాల్లో నిద్రపోతోంది. పిల్ల నిద్రపోయింది కదా, ఈ ఒక్కసారికి పర్లేదని వకుళ చున్నీ ముడి విప్పి, స్టవ్ మీద మూకుడు పెట్టి మిరపకాయ బజ్జీలకు నూనె కాగబెడుతోంది. అప్పుడే ఫోను మోగింది. ప్రభంజన్.

ఆయన గొంతు ఎప్పటిలాగే వెన్నపూస. జరిగిందేదో జరిగిపోయింది, మనమంతా ఒకే కుటుంబం అన్నాడు. చుక్క విడుదలకు వేడుక చేస్తున్నామని, మొదటి బ్యాచ్ పిల్లలను తల్లులతో సహా స్టేజీ మీదికి పిలుస్తున్నామని, వకుళ కూడా రావాలని అన్నాడు. ఏమీ మాట్లాడక్కర్లేదట, పిల్లను పక్కన నిలబెడితే చాలట. ఆ మోకాళ్లు చూసి జనం మెచ్చుకుంటారు అని నవ్వాడు.

వకుళకు కళ్లు బైర్లు కమ్మాయి. మూడేళ్లుగా గొంతులోనే తొక్కిపెట్టిన ప్రతి కేకా పైకి తన్నుకొచ్చింది. సిగ్గుందా మీకు అని మొదలుపెట్టింది. మీ ఇంట్లో పిల్లలకు పెట్టారా ఆ చుక్క, మీ మనవడికి పెట్టారా చెప్పండి అని నిలదీసింది. అవతల ఆయన ఏదో అనబోతున్నాడు. ఆమె వినలేదు. గొంతు చిరిగిపోయేలా అరుస్తూ వెనక్కి తిరిగింది.

ధాత్రి ఎప్పుడు లేచిందో, ఎప్పుడు ముక్కాలిపీట లాక్కొచ్చిందో తెలియదు. పీటెక్కి నిలబడి, మూకుట్లో పైకి లేస్తున్న బుడగలను చూసి నవ్వుతోంది. చెయ్యి నూనె మీదికి చాచి ఉంది.

"దిగూ!"

ఆ కేక ప్రభంజన్ మీద మొదలై కూతురి మీద పడింది. మధ్యలో తెగలేదు. ఫోను నేలకేసి కొట్టింది. పిల్ల రెక్క పట్టుకుని కిందికి లాగి, పీటను ఒక్క తాపు తన్నింది. అది గోడకు తగిలి విరిగింది. పిల్ల రెండు భుజాలూ పట్టి కుదుపుతూ, మంట వైపు చూపిస్తూ, చస్తావ్, తెలుస్తోందా, చస్తావ్ నువ్వు, పోవద్దు అటు, పోవద్దు అని అరిచింది. ఆమె మొహం ఎర్రగా ఉబ్బిపోయి, నరాలు తేలి, పళ్లు బయటపడి ఎవరిదోలా అయింది. ఆ కోపమంతా కొండ మీద గదిలో కూర్చున్న ఒక మనిషి మీదిది. ఆ సంగతి పిల్లకెలా తెలుస్తుంది. దాని ఎదురుగా ఉన్నది అమ్మ మొహం.

ధాత్రి ఏడవలేదు. మొదట నవ్వబోయింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయి, కింది పెదవి వణకడం మొదలైంది. తర్వాత ఒళ్లంతా వణికింది. గౌను తడిసి కాళ్ల మీదుగా కారింది. గోడకు అతుక్కుపోయి, రెప్ప వేయకుండా తల్లినే చూస్తూ నిలబడింది.

కేకలకు నూకరత్నం, పక్కింటివాళ్లు వచ్చి పడ్డారు. వకుళ స్టవ్ ఆపేసి నేల మీద కూలబడింది. గొంతు పోయింది, మాట రావడం లేదు. నాయనమ్మ పిల్లను ఎత్తుకుని, గట్టిగా పొదువుకుని, ఏటే ఇదంతా, ఏటైపోయావే నువ్వు అని కోడలి మీద మండిపడుతూ గదిలోకి తీసుకుపోయింది.

సాయంత్రం శశిభూషణ్ వచ్చేసరికి ఇల్లంతా గప్‌చుప్‌గా ఉంది. సంగతి విని భార్య వైపు ఒక చూపు చూశాడు.  వకుళ లేచి వెళ్లి పాలు కాచి, పొగలు కక్కుతుంటే గ్లాసులో పోసి తెచ్చి హాల్లో నేల మీద పెట్టింది. పాపను దింపండి అత్తయ్యా అంది బొంగురు గొంతుతో. నూకరత్నం దింపనంది. శశిభూషణ్ తల్లి చేతుల్లోంచి పిల్లను తీసుకుని దింపాడు.

ధాత్రి గ్లాసును చూసింది. రెండడుగులు వేసింది, చెయ్యి చాచింది.  ఆ చెయ్యి గాల్లో ఆగింది. కానీ ఇస్త్రీపెట్టె ముందు ఆగినట్టు కాదు. ఈసారి పిల్ల తలెత్తి తల్లి మొహంలోకి చూసింది. చూసి, చెయ్యి గుండెలకు అదుముకుని, ఒక అడుగు వెనక్కి వేసింది. శశిభూషణ్ గ్లాసును కొంచెం దగ్గరికి జరిపాడు. ఇంకో అడుగు వెనక్కి వేసింది.

"భయపడింది," అన్నాడాయన.  "చూశావా వకుళా, భయపడింది మన పాప."

నూకరత్నం రెండు చేతులూ పైకెత్తి దేవుడికి దండం పెట్టింది. అంతసేపు తిట్టిన కోడలిని దగ్గరికి లాక్కుని తలను గుండెకు ఆనించుకుంది. శశిభూషణ్ నేల మీద కూర్చుని, నవ్వుతూ ఏడుస్తూ కళ్లు తుడుచుకుంటున్నాడు. చెల్లాచెదురైన ప్రాణాలన్నీ ఆ ఇంట్లోకి తిరిగొచ్చాయి.

వకుళ అత్తగారి చేతుల్లోంచి విడిపించుకుని మోకాళ్ల మీద కూర్చుంది. గ్లాసును పక్కకు నెట్టేసింది. రెండు చేతులూ చాచి, రా తల్లీ, అమ్మ దగ్గరికి రా అని పిలిచింది.

ధాత్రి ఆ చేతులను చూసింది. ఆ మొహంలోకి చూసింది. ఇందాక గ్లాసు ముందు వేసినట్టే ఒక అడుగు వెనక్కి వేసి, నాన్న వీపు వెనక్కి వెళ్లి దాక్కుంది.

శశిభూషణ్ పిల్లను ముందుకు లాగబోయాడు. వద్దని వకుళ తలూపింది. చాచిన చేతులు మెల్లగా దించుకుని ఒళ్లో పెట్టుకుంది.

"రాకపోతే మానె," అంది. "పొయ్యి దగ్గరికి మాత్రం పోకు తల్లీ."